ఈకల మామయ్య వానలో కూర్చున్న రోజు

మా మేనత్త భర్తని వీధంతా ఈకల మామయ్య అనేవారు. కొండలెక్కే వాళ్లకు చలికోట్లు, స్లీపింగ్ బ్యాగులు కుట్టేవాడు. ఆయన కుట్టిన కోటు ఎంత తేలికంటే, మేకుకు తగిలించి గుండీ పెట్టకపోతే పొద్దుటికి పైకప్పుకు అంటుకుని ఉండేది. నిచ్చెన వేసి దించింది నేనే. ఇలాంటివి బడిలో చెప్పరనే నేను చదువు మానేశాను.

కొట్టు మా ఇంటి కింది గది. ఎండాకాలంలోనూ ఫ్యాను వేసేవాడు కాదు. గాలి తగిలితే బాతు ఈకల నూగు లేచి, మా అందరి కనుబొమ్మలూ నెరిసిపోయేవి. కోటుకి కుట్టిన గడిలో నూగు కూరి అంచు కుట్టేదాకా ఆయన ఊపిరి బిగబట్టేవాడు. ఆ కాసేపు నోరు తెరవలేడు గనుక అత్తయ్య తన వాదనలన్నీ అప్పటికే దాచుకునేది. ఆవిడ గెలిచిన తగవులన్నీ అలా గెలిచినవే. ఇప్పుడా గదిలో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అయినా అటు వెళ్తే నాకు ముక్కు దురద పెడుతుంది.

ఒక్క తగవు మాత్రం అలా తెగలేదు. వాళ్లమ్మాయికి, అంటే మా వదినకి, కొండదారుల్లో గైడు ఉద్యోగం వచ్చింది. తొలి నడకే వానల్లో, రోజుల తరబడి, మంట వేసుకునే చోటు కూడా లేని కనుమ మీదుగా. ఆమె పడుకునే బ్యాగులో ఏం కూరాలి?

ఈకే అన్నాడు మామయ్య. బరువుండదు, ఇంత చిన్నగా మడిచెయ్యొచ్చు, ఆ వెచ్చదనం దేనికీ రాదు. పొడి చలికైతే సరే, తడిస్తే ముద్దవుతుంది కదా అంది అత్తయ్య. ఫైబర్ దూది బరువైనా తడిసినా వెచ్చగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. రబ్బరు సంచిలో పెడితే ఈక ఎందుకు తడుస్తుందని ఆయన వాదన.

"వాన బయటే ఆగుతుందండీ. పిల్ల ఊపిరి తేమ, చెమట ఎక్కడికి పోతాయి?"

దానికి మామయ్య పందెం వేశాడు. ఆయన ఈక కోటు, ఆవిడ ఫైబర్ కోటు తొడుక్కుని డాబా మీద వానలో కూర్చోవాలి. ముందు లేచినవాళ్లు ఓడినట్టు. గెలిచినవాళ్లు చెప్పిందే బ్యాగులోకి.

చలికాలపు వాన. మేమంతా మెట్ల దగ్గర నిలబడి చూశాం. కాసేపటికి ఆయన కోటు తడిసిన కోడిలా ఒంటికి అతుక్కుపోయింది. ఆయన పళ్లు టకటకలాడుతుంటే, మిషను తిరుగుతోందనుకుని పక్కింటాయన వచ్చి తన కోటు అయిందా అని అడిగాడు.

"లేవండిక," అంది అత్తయ్య.

"నువ్వు లే. నాకేం చలి లేదు."

పెదవులు నీలంగా మారుతున్నాయి. అత్తయ్య హాయిగా కూర్చుని గెలవొచ్చు. ఆయన మొహం వైపు, తర్వాత మెట్ల దగ్గరున్న కూతురి వైపు చూసింది. లేచింది.

"నేనే ఓడిపోయాను. పదండి."

మేమే ఆయన్ని ఎత్తుకొచ్చాం. అత్తయ్య తన కోటు విప్పి ఆయనకు తొడిగింది. అదీ నీళ్లోడుతోంది, కానీ లోపల వెచ్చగా ఉంది. ఆయన ఆ కోటు అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

మర్నాడు దిగి చూస్తే, వదిన కోసం సగం కుట్టిన బ్యాగుకి కుట్లు విప్పుతున్నాడు. పక్కన ఫైబర్ చుట్ట.

"పందెం మీరే గెలిచారుగా," అంది అత్తయ్య.

"నువ్వెందుకు లేచావో నాకు తెలీదనుకున్నావా? కనుమ మీద పిల్ల కోసం ఓడిపోవడానికి ఎవరుంటారే?"

వదిన క్షేమంగా తిరిగొచ్చింది. బ్యాగు పిండితే బకెట్టు నిండింది. ఇంత బరువు నా వీపున మోయించావేంటి నాన్నా అని గుమ్మంలోంచే తిట్టడం మొదలుపెట్టింది. మామయ్య స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్క మాటా అడ్డు చెప్పకుండా, ఆ తిట్లన్నీ చివరిదాకా విన్నాడు.