ఉత్త చేతులతో భీమిలి

పోర్టులో ఉద్యోగం దొరికిన కొత్తలో నాకు క్వార్టర్ రాలేదు. నలుగురం కలిసి ఒక గదిలో సర్దుకునేవాళ్ళం. నా భార్య, కూతురు భీమిలిలో మా అత్తవారింట్లో ఉండేవారు. ఆదివారాలు కూడా ఓవర్‌టైం చేసి, నెలకోసారి పూర్ణా మార్కెట్‌లో మంచి బొమ్మ కొని బస్సెక్కేవాణ్ణి. నాకంటే గొప్ప తండ్రి ఆ బస్సులో లేడని నా నమ్మకం.

మూడేళ్ళ పిల్ల బొమ్మ అందుకుని అమ్మమ్మ చెంగు చాటుకు పోయేది. ఎత్తుకోబోతే ఏడుపు. ఒకసారి నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపలికి పరిగెత్తి, "అమ్మమ్మా, బొమ్మలోడొచ్చేడు!" అని కేకేసింది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ తల కొట్టేసినట్టయింది. నా పిల్ల నన్నెప్పటికీ తండ్రిగా ఎరగదేమోనని భయం పట్టుకుంది. రోగమొకటి, మందొకటి అన్నట్టు పై నెల ఇంకా పెద్ద బొమ్మ కొన్నాను. కీ ఇస్తే డోలు కొట్టే కోతి. దాన్ని చూసి జడుసుకుని పిల్లకి జ్వరం వచ్చింది.

ఆ వేసవిలో ఓడలు తగ్గి ఓవర్‌టైం ఆగిపోయింది. మూడు రోజులు సెలవు పెట్టి ఉత్త చేతులతో వెళ్ళాను.

"బొమ్మేది?" అంది.

"లేదమ్మా."

నా వెనకాల కూడా వెతికి చూసి వెళ్ళిపోయింది.

చేసేదేం లేక మా అత్తగారి పక్కన కూర్చుని చింతపండు కొట్టాను. పిక్కలు ఎగిరిపడుతుంటే పిల్ల వచ్చి ఏరడం మొదలుపెట్టింది. "నీకు రాదేటి? ఇలాగ కొట్టాల" అని నాకు పాఠం చెప్పింది. ఆ పిక్కలతోనే సరి-బేసి ఆడాం. రెండో రోజు నా కంచంలో చెయ్యి పెట్టింది. అయినా నాన్నా అని మాత్రం అనలేదు. వాళ్ళమ్మ లాగే నన్ను "ఇదిగో" అని పిలిచేది.

మూడో రోజు సాయంత్రం బస్సుకి టైమైందని సంచి భుజాన వేసుకున్నాను. పిల్ల పొట్ట పట్టుకుని వచ్చి నిలబడింది. ఆ వయసు పిల్లలు దొడ్లోకి వెళ్ళడానికి ఎవర్ని పడితే వాళ్ళని రానివ్వరు. అమ్మమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"నువ్వొద్దు. నాన్న కడగాల."

సంచి కింద పడేశాను. పెరట్లో చెంబుతో నీళ్ళు పోస్తుంటే పడిపోకుండా నా మెడ పట్టుకుంది. గుండెల మీంచి బరువు దిగిపోయింది. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.

"బాబూ, బస్సెల్లిపోతంది!" వీధిలోంచి మా అత్తగారు అరిచారు.

"పోనీండత్తా" అన్నాను.