చేతులెత్తిన ఊరికి చార్జింగ్ పాయింటు

ముందుగా దేవునికి స్తోత్రం. బిలాము గాడిద చేత మాట్లాడించిన దేవుడు నా చేత సర్వే చేయించాడంటే ఆయనకు అసాధ్యమైనది లేదని మీరూ ఒప్పుకుంటారు. కాకపోతే గాడిద నిజం చెప్పింది. ఒక ఊరినీ, రెండు జీపుల ఆఫీసర్లనూ, సొంత మేనమామనూ ఒకే సాయంత్రం నవ్వులపాలు చేయడం అందరికీ సాధ్యం కాదు. నాకు సాధ్యమైంది. ఎలాగో చెబుతాను.

రెండువేల పదికి కాస్త ముందు మాట. బ్యాటరీ స్కూటర్లు అప్పుడే వస్తున్నాయి. తాడేపల్లిగూడెం షోరూములో ఒకటి అద్దం వెనక పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు ఉండేది. అందరూ చూసేవారు, ఎవరూ ఖాయం చేసుకునేవారు కాదు. పెట్రోలు వాడకం తగ్గించాలి కాబట్టి ఊళ్ళలో చార్జింగ్ పాయింట్లు పెట్టాలనీ, ఎక్కడ పెట్టాలో ముందు ప్రణాళిక వేయాలనీ పైనుంచి ఆదేశం వచ్చింది. ఏలూరులో ఆ పని చూసే ఆఫీసులో నేను కాంట్రాక్టు ఉద్యోగిని. కాంట్రాక్టు ఆ నెలాఖరుతో సరి.

మా ఆఫీసరు గారు పిలిచి మెత్తగా చెప్పారు. “ఏవండీ దానియేలు గారూ, కొల్లేరు పక్క ఊళ్ళు మీవండి. ఇంటింటికీ వెళ్ళి అడగాలండి. పాయింటు పెడితే బండి కొంటారా, రోజూ ఎంత దూరం తిరుగుతారు అని. సర్వే బాగుంటే మీ కాంట్రాక్టు పొడిగిస్తామండి.”

“బాగోకపోతే అండి?”

“ఆ మాట ఇప్పుడెందుకండి” అన్నారు, ఇంకా మెత్తగా.

అది మే నెల. కొల్లేరు చేపల చెరువుల గట్ల మీద ఇంటింటికీ తిరగడమంటే రాజు అగ్నిగుండంలో వేయించిన షద్రకు, మేషాకు, అబేద్నెగోలతో పాటు నాలుగోవాడిగా దూకడమే. మొదటి ఊళ్ళోనే మా మేనమామ పాస్టరు. నా మొహం చూసి జాలిపడ్డాడు.

“పిచ్చోడా, ఇళ్ళకెందుకురా? ఆదివారం ఊరంతా మందిరంలోనే ఉంటుంది. ఒక్క మాటతో తేల్చేద్దాం.”

“అలా చేయొచ్చా మావయ్యా?”

“యెరికో గోడలే ఒక్క కేకతో పడ్డాయి. నీ సర్వే ఎంత?”

చదువుకున్నవాడిని, లేఖనాలు తెలిసినవాడిని. దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టించి దేశం మీదికి తెగులు తెచ్చుకున్న సంగతి అప్పుడు గుర్తు రావాలా వద్దా? రాలేదు. ఎండకు భయపడేవాడికి నీడే దేవుని వాక్యం.

ఆదివారం ప్రసంగం ముగిసింది. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉండగానే మావయ్య అదే స్వరంతో అందుకున్నాడు. “ప్రియమైన దేవుని బిడ్డలారా, మన దానియేలు గవర్నమెంటు పని మీద వచ్చాడు. బ్యాటరీ బండి కొనాలని మనసున్నవారు చేతులెత్తండి.”

“ఆమేన్!” అన్నారు. చేతులు లేచాయి. ఫ్యాన్లకు తగులుతాయేమోనని నేను భయపడ్డాను. తల్లులు చంటిబిడ్డల చేతులు కూడా ఎత్తారు. యుద్ధమప్పుడు అలసిన మోషే చేతులను అహరోనూ హూరూ పట్టుకున్నట్టు, ఒక ముసలమ్మ చేతులను అటొకరూ ఇటొకరూ పట్టి నిలబెట్టారు. నేను శ్రద్ధగా లెక్కపెట్టాను. రెండు చేతులెత్తినవాళ్ళ కింద రెండు బండ్లు రాసుకున్నాను. నవ్వకండి, నిజాయితీగా రాశాను.

నా రిపోర్టు చూసి ఆఫీసరు గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. “ఏవండీ, తాడేపల్లిగూడెం అంత ఊళ్ళోనే ఇంత గిరాకీ లేదండి!”

“పల్లెలు మేలుకుంటున్నాయండి” అన్నాను.

జిల్లా మ్యాపులో ఆ ఊరి మీద ఎర్ర చుక్క పడింది. సర్వే చేసేవాడుంటే వాడి సర్వేను సర్వే చేసేవాడుంటాడు. హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు గారు స్వయంగా చూస్తానని బయల్దేరారు. చూపించడానికి షోరూము స్కూటరు కూడా వ్యానెక్కింది.

రెండు జీపులూ వ్యానూ ఊళ్ళో దిగిన సాయంత్రం మావయ్య గంట కొట్టించాడు. ఊరంతా మందిరం ముందుకు చేరింది. పెద్దాఫీసరు గారు స్కూటరు పక్కన నిలబడి అడిగారు. “ఈ బండి కొనేవాళ్ళు ఎంతమంది?”

అన్ని చేతులూ లేచాయి. మా ఆఫీసరు గారు నన్ను కన్నకొడుకులా చూశారు. నెలాఖరు బెంగ తీరినట్టే అనుకున్నాను.

పెద్దాఫీసరు గారు ఆగలేదు. “సరే. పెట్రోలు బండే మేలు అనేవాళ్ళు?”

అన్ని చేతులూ లేచాయి.

“అసలు ఏ బండీ వద్దనేవాళ్ళు?”

“ఆమేన్!” అన్నారు వెనక నుంచి. ఈసారి ఇంకా ఎత్తుగా లేచాయి. చూస్తే మావయ్య చెయ్యి కూడా పైనే ఉంది.

పెద్దాఫీసరు గారు ముందు వరసలోని మరియమ్మ గారిని అడిగారు. “అమ్మా, అన్నింటికీ ఎందుకెత్తుతున్నారు?”

ఆవిడ ముసుగు సర్దుకుంది. “పెద్దలు ఎత్తమంటే ఎత్తకుండా ఎలాగండి? ఎత్తకపోతే ఈవిడకి ఏం పాపం ఉందో అనుకోరా అండి?”

“మీరు బండి నడుపుతారా?”

“నాకు సైకిలే రాదండి. అయినా బాబూ, మా ఊళ్ళో కరెంటు ఉండేదే ఓ పూట. దీనికి మేత ఎవరు పెడతారండి?”

ఊరంతా నవ్వింది. పెద్దాఫీసరు గారు మాత్రం నవ్వలేదు. మ్యాపు మడిచి జీపెక్కారు. “నేను శ్రద్ధగా లెక్కపెట్టానండి...” అని నేనంటుంటే మా ఆఫీసరు గారు, “మీరు వ్యానులో రావచ్చు” అన్నారు. ఆ మాటలో ‘అండి’ లేదు. గోదావరి జిల్లాల్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. తిరుగుదారంతా అమ్ముడుపోని స్కూటరు పక్కన కూర్చుని నా ఉద్యోగానికి భూస్థాపన ఆరాధన, అంటే సమాధి ప్రార్థన, జరిపించుకున్నాను.

మర్నాడు ఆఫీసులో మీటింగు. రాత్రంతా నిద్ర లేక, ఒక మూల కళ్ళు మూసుకుని, ప్రభువా ఎలాగైనా ఈ కాంట్రాక్టు నిలబెట్టు అని ప్రార్థించుకుంటున్నాను. ఆఫీసరు గారి గొంతు ఎక్కడో దూరం నుంచి వినబడింది. “కొల్లేరు ఊళ్ళన్నీ మళ్ళీ మొదటి నుంచి, ఇంటింటికీ, కాలినడకన తిరగాలండి. మనసున్నవారు చేతులెత్తండి.”

కళ్ళు తెరిచేసరికి గదిలో ఒకే ఒక్క చెయ్యి గాలిలో ఉంది. అది నాదే.

కాంట్రాక్టు పొడిగించారు. దేవుడు ప్రార్థన విన్నాడు, ఎండతో సహా.

కనుక చదువరులారా, ప్రభువు సన్నిధిలో ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జీవితంలో కళ్ళు మూసుకున్నవాళ్ళను లెక్కపెట్టను, కళ్ళు మూసుకుని లెక్కలోకి ఎక్కను. ఈ తీర్మానంలో స్థిరంగా ఉండేలా నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి. మనసులో చాలు.