టైపిస్టు చెప్పిన హంతకుడు

ఆ అపరాధ పరిశోధక నవలల రచయిత పేరు చెబితే రైల్వే స్టేషన్ పుస్తకాల కొట్లకు ప్రాణం లేచొచ్చేది. కోడి కెలికినట్టుండే ఆయన రాతను టైపు చేసే మనిషి మాత్రం ఎవరికీ తెలియదు. పెళ్లీ పెటాకులూ లేకుండా, ఆయన ఇంటి వెనక గదిలో మిషను ముందే ఆవిడ జుట్టు నెరిసిపోయింది.

ప్రతి నవలకూ చివరి అధ్యాయం రాసేముందు ఆయన వచ్చి గుమ్మంలో నిలబడేవాడు.

"ఏం పోలీసమ్మా, ఎవరు చంపుంటారు?"

"ఇంకెవరు, ఆ తోటమాలే."

"ఓరి నాయనో, పట్టేశావా! అయితే మార్చాల్సిందే."

ఆవిడ ఊహ తప్పితే తొడ చరుచుకుని నవ్వేవాడు, నిజమైతే హంతకుణ్ణే మార్చేసేవాడు. ఎటు తిరిగీ ఆవిడ అన్న మనిషి అచ్చులో నిర్దోషే. అన్నగారింటికి వెళితే "ఎప్పుడొచ్చావు, ఎప్పుడు వెళ్తావు" అని తప్ప ఆవిడను ఇంకో ప్రశ్న అడిగినవాళ్లు లేరు. నీకేమనిపిస్తోందని అడిగింది ఆయనొక్కడే.

ఆఖరి నవల ముగించకుండానే ఆయన పోయాడు. కొన్నాళ్లకు కూతురు ఆ కాగితాలు పట్టుకుని వెనక గదికి వచ్చింది.

"పిన్నీ, హంతకుడెవరో నాన్న నీకు చెప్పారా?"

"ఆయన చెప్పడమేమిటమ్మా, నన్నే అడిగేవారు."

"పోనీ, నీ అనుమానం ఎవరి మీద?"

"కాంపౌండరు మీద. అందుకే వాడు కాడు."

"అదేం లెక్క పిన్నీ!"

"నేనన్నవాణ్ణి మీ నాన్న ఎన్నడు పట్టించారు గనక?"

"కాదనడానికి ఇప్పుడు నాన్న లేరుగా. నువ్వే ముగించు. లేకపోతే ఈ పుస్తకం బయటికి రాదు."

ఆవిడ ముందు ప్లీడరును అనుకుని మొదలుపెట్టింది. నాలుగు పేజీలకే కథ అడ్డం తిరిగింది. ఇంటి యజమానురాలిని అనుకుంది, అదీ కుదరలేదు. ఎటు తిప్పినా దారి కాంపౌండరు గుమ్మానికే చేరేది. ఎవరైనా వచ్చి "తప్పులో కాలేశావు" అంటే బాగుండునని చూసి చూసి, చివరికి వాడినే పట్టించి కాగితాలు ఇచ్చేసింది.

"భలే కుదిరింది పిన్నీ! అచ్చం నాన్న రాసినట్టే ఉంది," అంది కూతురు. కామా కూడా మార్చలేదు.

పుస్తకం వచ్చాక ఆవిడ తన మంచం మీద కూర్చుని మొదటి నుంచీ చదివింది. తాను టైపు చేసిన మాటలే. అయినా ఆఖరి పేజీ తిప్పేదాకా, ఇంకెవరైనా అవుతారేమోనని ఏ మూలో చిన్న ఆశ.

కాంపౌండరే.