ప్రభువు బల్ల దగ్గర చిన్న కప్పులు

శంషాబాద్ దగ్గర ఒక చిన్న బైబిల్ కాలేజీలో నేను క్రైస్తవ వేదాంతం చెప్పేదాన్ని. మాది కోస్తా. ఉద్యోగం కోసం వచ్చి, కాలేజీ వెనక గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆదివారాలు హైవే పక్కనున్న చర్చికి నడిచి వెళ్లేదాన్ని.

ఆ చర్చిలో, యేసు తన చివరి రాత్రి శిష్యులతో చేసిన భోజనానికి గుర్తుగా, నెలకోసారి ప్రభువు బల్ల ఉండేది. పాస్టరు అయ్యగారు వెండిపూత పాత్రలో ద్రాక్షరసం పోసి, వరసగా మోకరించిన వాళ్ల పెదవులకు అందించేవారు. ఒక్కొక్కరు తాగాక అంచును తెల్లగుడ్డతో తుడిచి, పక్కవాళ్లకు ఇచ్చేవారు. నా క్లాసులో ఆ పాఠం వచ్చినప్పుడల్లా, "ఒకరి ఎంగిలి ఒకరు తాగడానికి ఒప్పుకోవడమే సంఘమంటే" అని చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవారు. పరీక్షలో ఆ వాక్యం రాస్తే మార్కులు కూడా వేసేదాన్ని.

కొత్త ఎయిర్‌పోర్టు తెరిచాక మా చర్చికి మూడు కొత్త కుటుంబాలు వచ్చాయి. మొదట వచ్చింది ఒక నలభై ఏళ్ల ఆవిడ. ఎయిర్‌పోర్టులో కాంట్రాక్టరు కింద బాత్‌రూములు కడిగే పని ఆమెది. బాప్తిస్మం తీసుకున్న వారం నన్ను చర్చి మెట్ల మీద ఆపి అడిగింది.

"టీచరమ్మా, గా రాత్రి ప్రభువు గిన్నె ఇచ్చిండు, అందరు తాగిండ్రు. తాగినంక ఆ గిన్నె ఎవరు కడిగిండ్రు?"

బైబిల్లో రాయలేదని నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఎవరో ఒకరు కడిగే ఉంటరు గద" అంది.

మా సంఘంలో మిగతావాళ్లంతా తాతల కాలం నుంచి క్రైస్తవులు, దాదాపు అందరూ ఒకే కులం. కొత్తగా వచ్చినవాళ్లది వేరే కులం. ఆ మాట చర్చిలో ఎవరూ పైకి అనేవారు కాదు. నేను కూడా అనలేదు.

తర్వాతి ఏడాది స్వైన్ ఫ్లూ వచ్చింది. రోడ్డు మీద సగం మంది మొహాలకు మాస్కులు. ఒక శనివారం సంఘపెద్ద ఒకాయన, రిటైరైన గుమాస్తా, నా గదికి వచ్చారు.

"మేడం, ఒక్క పాత్రల అందరు తాగుడు ఇప్పుడు మంచిది కాదు. చిన్న కప్పులు పెడ్దామనుకుంటున్నం. జనానికి వాక్యం తీసి మీరు జర చెప్పాలె. మీరు చెప్తే ఇంటరు."

నాకు సబబుగానే తోచింది. మర్నాడు ఇరవై నిమిషాలు మాట్లాడాను. పాత్ర ముఖ్యం కాదు, అందులో ఉన్నది ముఖ్యమన్నాను. పొరుగువాణ్ణి ప్రేమించడమంటే అతనికి జబ్బు అంటించకపోవడమన్నాను. చాలా బాగా చెప్పానని అందరూ మెచ్చుకున్నారు. ఆ నెల నుంచి ట్రేలో చిన్న ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి.

జబ్బు భయం పోయింది. మాస్కులు పోయాయి. కప్పులు ఉండిపోయాయి. ఒక ఆదివారం ఆమె మళ్లీ నన్ను ఆపింది.

"జబ్బు పోయింది గద టీచరమ్మా. గిన్నె ఎప్పుడొస్తది?"

కనుక్కుంటానన్నాను. సంఘపెద్దను అడిగితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

"మీకు ఎర్కలేదా మేడం? జబ్బు రాకముందే అనుకున్నం. వాళ్లు తాగినంక తాగుడు మా ఆడోళ్లకు మనసొప్పలేదు. ఏం చెప్పాల్నా అని పరేషాన్ల ఉంటిమి. గప్పుడే జబ్బొచ్చె. మీరు గూడ మంచిగ చెప్పిండ్రు."

ఆయన గొంతులో కపటం లేదు. కృతజ్ఞత ఉంది.

అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఆయన బైబిలు మూశారు. "పాత్ర మళ్లీ తెస్తే నలభై ఇళ్లవాళ్లు పోతారు టీచర్ గారూ. తేకపోతే మూడు ఇళ్లవాళ్లు పోతారు. నేనేం చెయ్యను?" అన్నారు. తొంభైతొమ్మిదింటిని విడిచి, తప్పిపోయిన ఒక్క గొర్రెను వెతికిన కాపరి గురించి ఆయన ఎన్నిసార్లు ప్రసంగించారో నాకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. మా ప్రిన్సిపాలు ఆ సంఘపెద్దకు బావమరిది. గది ఖాళీ చెయ్యమంటే నాకు వేరే చోటు లేదు.

పాత్ర మళ్లీ పెట్టమని చర్చి కమిటీకి ఒక ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆ నెల ప్రభువు బల్లకు నేను లేవలేదు, బెంచీ మీదే కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక ఇద్దరు ఆడవాళ్లు వచ్చి, ఒంట్లో బాగాలేదా అని అడిగారు. కొంచెం తలనొప్పి అన్నాను.

అప్పటికి ఆమె చర్చికి రావడం మానేసి మూడు వారాలైంది. ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రేకుల కప్పున్న కిరాయి గది. కుర్చీ తుడిచి వేసి, స్టీలు గ్లాసులో టీ ఇచ్చింది. నాకు ఏమీ తెలియదని, నన్ను వాడుకున్నారని చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపింది.

"నాకు కప్పుల మాటొచ్చిన దినమే ఎర్కయింది. నువ్వు నిలవడి చెప్తుంటే, నీకు గూడ తెలిసే చెప్తున్నవనుకున్న. సదువుకున్నోళ్లు గిట్ల చెప్తరు కావచ్చు అనుకున్న."

"లేదమ్మా, నిజంగా తెలియదు."

"తెల్వదా?" అని నా మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకు అర్థం కాలేదు. "మరి ఇగ తెలిసింది గద. ఏం జేసినవ్?"

ఉత్తరం రాశానని చెప్పాను. చెబుతుంటేనే నా మాట నాకు చిన్నగా వినిపించింది. ఆమె కోప్పడలేదు. డ్యూటీ టైమైందని లేచి, జుట్టు ముడి వేసుకుంది. ప్రార్థన చేసుకుంటున్నావా అని అడిగాను. "ఏమో టీచరమ్మా. పనికి పోయొచ్చి పండుకుంటున్న" అంది.

ఆ తర్వాత ఆ మూడు కుటుంబాలూ మళ్లీ రాలేదు. ఆమె గది ఖాళీ చేసి ఆరాంఘర్ వైపు వెళ్లిందని విన్నాను. వెతకలేదు.

నేను ఇంకో నాలుగేళ్లు అక్కడే పాఠం చెప్పాను. ఎంగిలి మాట మాత్రం చెప్పడం మానేశాను. ఒక కుర్రాడు పాత నోట్సు చూసి అడిగితే, అది సిలబస్‌లో లేదని చెప్పాను.

ఉద్యోగం మానేసే ముందు అత్తాపూర్‌లో ఒక చర్చివాళ్లు సంఘ ఐక్యత మీద మాట్లాడమని పిలిచారు. అక్కడ కూడా ట్రేలో చిన్న కప్పులే. అక్కడి పాస్టరు సంతోషంగా నా చేతిలో ఒక జిరాక్సు కాగితం పెట్టారు. స్వైన్ ఫ్లూ అప్పుడు చిన్న కప్పుల గురించి నేను చెప్పిన ఇరవై నిమిషాల మాటలు, ఎవరో రాసుకుని టైపు చేయించారు. కింద నా పేరుంది. "దీన్ని చూపించే మా పెద్దలను ఒప్పించానమ్మా" అన్నారు.

మీ దగ్గర ఎందుకు మార్చవలసి వచ్చిందని నేను అడగలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ట్రే నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక కప్పు తీసుకుని తాగాను.