కిషన్ అన్న, ఆఖరి పది నిమిషాలు

కిషన్ అన్న పోయాడు.

నిన్న సాయంత్రం నాలుగున్నరకు ఆస్పత్రికి ఫోన్ చేస్తే నర్సు చెప్పింది. రెండుసార్లు చెప్పించుకున్నాను.

నలభై ఆరేళ్లు. పోయే వయసేనా ఇది?

ఐర్లండ్‌లో ఈ కాజిల్‌బార్ ఊరికి వచ్చిన కొత్తలో నాకు ఇల్లు వెతికిపెట్టింది ఆయనే. లీజులో ప్రతి లైనూ చదివి వినిపించి మరీ సంతకం పెట్టించాడు. ఆయనది కరీంనగర్, నాది గుంటూరు. ప్లాంట్‌లో ఇద్దరిదీ ఒకే షిఫ్ట్.

"మీ గుంటూరోళ్లకు కారం ఎక్కువ, ఓపిక తక్కువ" అని రోజూ ఏడిపించేవాడు.

అన్న పిచ్చి గురించి తెలియనివాళ్ల కోసం ఇది చెప్పాలి.

ఆయన అద్దెకున్నది పాత ఇల్లు. హాల్లో నేలకు పరిచిన, చిరిగిన లినో షీటు పీకేస్తే కింద వరసగా పాత న్యూస్‌పేపర్లు. చెమ్మ పైకి రాకుండా అప్పట్లో ఇక్కడివాళ్లు అలా పరిచేవారట. కొత్త లినో వేయడానికి ఓనర్ వచ్చేసరికి ఈయన నేల మీద బోర్లా పడుకుని చదువుతున్నాడు.

వాటి నిండా బ్లాక్ అండ్ వైట్ క్రైమ్ సినిమాల యాడ్స్. టోపీ పెట్టుకున్న మనిషి, సగం మొహం చీకట్లో. వెనక ఒక ఆడమనిషి, చేతిలో పిస్తోలు. కింద "ఆదివారం రాత్రి ఎనిమిదికి". దాని పక్కనే గొర్రెల సంత ప్రకటన.

అంతే, ఆ రోజు పట్టుకుంది పిచ్చి. పక్కింటి ముసలమ్మల కిచెన్ ప్రెస్‌లలో, అంటే అల్మరాల్లో, అరల కింద పరిచిన పేపర్లు కూడా వదల్లేదు. కొత్త పేపర్ పరిచి ఇచ్చి పాతది తెచ్చుకునేవాడు. క్యాంటీన్‌లో లంచ్ బాక్స్ పక్కన ఆ యాడ్స్ కత్తిరించి దాచిన ఫైల్ తెరిచేవాడు. ఒక్కో ముక్కా ఒక్కో ప్లాస్టిక్ కవర్లో.

"సినిమా పేరు ఉందిగా అన్నా, ఫోన్‌లో దొరుకుతుంది, చూద్దాం" అన్నాను ఒకసారి.

"నీకు దిమాక్ లేదురా తమ్మీ" అన్నాడు. "చిన్నప్పుడు మా టాకీసుల సిన్మ అయిపోయే ముంగట గేట్లు తీసేటోళ్లు. టికెట్ లేనోళ్లమంత లోపలికి ఉరికేది. నేను సూసిన సిన్మలన్నీ ఆఖరి పది నిమిషాలే. మొదలు ఏమైందో బయట పోస్టర్ సూసి అల్లుకునేటోణ్ని. గిప్పుడు గీ యాడ్ సూసి అల్లుకుంట."

ఒక్క యాడ్ మాత్రం ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాడు. దాని మీద పెద్ద అక్షరాలు: చివరి పది నిమిషాల్లో ఎవరినీ లోపలికి రానివ్వం. ముగింపు బయటికి పొక్కకుండా అప్పట్లో కొన్ని సినిమాలకు అలా వేసేవారట.

"గిదేందిరా! మాకు గేట్లు తీసే టైముకు ఈళ్లు గేట్లు మూస్తరు!" అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

ఇక రాయాల్సింది రాస్తాను.

ఫిబ్రవరిలో అన్న భార్య సరిత వదిన, వాళ్ల పాప ఇద్దరూ బంధువుల పెళ్లికని కరీంనగర్ వెళ్లారు. కరోనాతో ఫ్లైట్స్ ఆగిపోయాయి. ఇక్కడ అన్న ఒక్కడే. జ్వరం వచ్చి అంబులెన్స్ ఎక్కేటప్పుడు, దగ్గరి బంధువు అన్నచోట నా పేరు రాయించాడు.

పంతొమ్మిది రోజులు ఎవరినీ లోపలికి రానివ్వలేదు. అందరికీ అదే రూల్, వాళ్లనేం అనను.

నిన్న నాలుగింటికి నర్సు ఫోన్ చేసింది. "ఇప్పుడు రావచ్చు. ఒక్కరే. గౌను, మాస్కు మేమిస్తాం. ఆలస్యం చెయ్యకండి" అంది. చాలా మెల్లగా, మంచిగా చెప్పింది.

మా ఇంటి నుంచి కారులో ఏడు నిమిషాలు.

"పది నిమిషాల్లో ఫోన్ చేస్తాను" అన్నాను.

కారులో కూర్చున్నాను. తాళం చేతిలో ఉంది. కిటికీలో నా భార్య నిలబడి ఉంది, ఏడో నెల. వెళ్లమనలేదు, వద్దనలేదు. స్టార్ట్ చెయ్యలేదు నేను. భయం. దానికి ఇంకో పేరు పెట్టను.

నాలుగున్నర అయింది. ఫోన్ చేశాను.

నర్సే ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుందట. ఆ తల్లి పేరు కూడా అడగలేదు.

తర్వాత వదిన ఫోన్. "దగ్గర్నే ఉన్నవా వంశీ?" అంది.

ఉన్నాను వదినా, అన్నాను.

వెనక నుంచి పాప అడిగింది, అచ్చం ఇక్కడి పిల్లల యాసలో, "వాజ్ డాడీ స్కేర్డ్?" అని.

లేదమ్మా, అన్నాను. నాకేం తెలుసు?

నిన్నటి నుంచి మన తెలుగువాళ్ల గ్రూపులో అందరూ రాస్తున్నారు. "నువ్వైనా పక్కన ఉన్నావు, అదే అదృష్టం" అని. దయచేసి ఆ మెసేజ్‌లు తీసేయండి. నేను లేను.

ఈ పోస్ట్ పెట్టే ముందు వదినకు నిజం చెప్పాను. అంతా విని అంది: "నీ ఇంట్ల కడుపుతోని ఉన్నది, రాకపోతివి, నాకు సమజైతది. గా ముక్క నిన్ననే చెప్పాలె గదా? రాత్రి సంది పాప అందరికి చెప్తున్నది, బాబాయి మా డాడీ చెయ్యి పట్టుకున్నడని. ఇప్పుడు దానికేం చెప్పాలె?"

ఫోన్ పెట్టేసింది.

రేపు అంత్యక్రియలు. పది మందినే రానిస్తారట. లైవ్‌లో చూసే లింక్ వస్తే గ్రూపులో పెడతాను. పాపకు నేనే చెబుతాను, ముందుగా.

అన్నా, నీ దగ్గరికి రావడానికి నాకు గేటు తీశారు. ఏడు నిమిషాల దూరంలో ఉండి కూడా నేను ఉరకలేదు.

నువ్వు ప్రశాంతంగా ఉండు. నా సంగతి వదిలెయ్.