అడుగుకు అంగుళం

తెక్కలకోట రామాంజినేయులు పన్నెండేళ్లుగా లారీ తోలుతున్నాడు గాని, లారీ అంటే ఎట్లా ఉంటుందో తల్లికి చెప్పడం మాత్రం అతనికి చేతకాలేదు.

తల్లి పేరు దొడ్డమ్మ. కొడుక్కు ఐదేళ్లప్పుడు ఊళ్లో అమ్మవారు పోసింది. ఆమెకు ప్రాణం దక్కింది, చూపు పోయింది. అప్పటికి ఆమె చూసిన బండ్లన్నీ ఎద్దుల బండ్లే. కళ్లున్న రోజుల్లో పత్తి మూటలు, జొన్న సంచులు నెత్తిన మోసిన మనిషి. కళ్లు పోయాక తిరగలి ముందు కూర్చుని పదిళ్లకు జొన్నలు విసిరి కొడుకును పెంచింది.

ఆ కొడుకు ఇప్పుడు సండూరు గనుల నుంచి హొస్పేట రైలుస్టేషనుకు ఇనుపరాయి తోలుతున్నాడు. నెలకొకసారి బస్సెక్కి ఇంటికి వచ్చేవాడు. దొడ్డమ్మ మొదట అతని చొక్కా వాసన చూసేది. పెట్రోలు, ఎర్రదుమ్ము, ఎండ. తర్వాత అడిగేది, ఆ బండి ఎట్లుంటుందని. ఇల్లంత ఉంటుందనేవాడు. ఇల్లు ఎట్లా కొండ దిగుతుందో ఆమెకు అర్థమయ్యేది కాదు. ముందు పొడుగాటి మూతి ఉంటుందంటే ఎనుము మూతి తలచుకునేది. రోడ్డు మీద బస్సు ఆగుతుంది నిజమే, కాని ఒక గుడ్డి ముసలమ్మ చేత్తో తడిమి చూసేదాకా ఏ బస్సూ నిలవదు. లారీ అరవై మైళ్ల అవతల సండూరులో ఉంది.

యాభై ఎనిమిదిలో వానలు ముందుగానే పడ్డాయి. గనుల దారులు బురదయ్యాయి. యజమాని లారీలను షెడ్డులో పెట్టించి, ఎండ కాసినాక కబురు చేస్తానని డ్రైవర్లను ఇళ్లకు పంపేశాడు. బయలుదేరే ముందు రామాంజినేయులు రెండు రోజులు తన పాత బెడ్‌ఫోర్డు కిందా మీదా పడి కొలతలు తీశాడు. వడ్రంగి దగ్గర మడత స్కేలు అడిగి తెచ్చుకుని, సిగరెట్టు పెట్టెల అట్టల మీద రాసుకున్నాడు. అడుగుకు అంగుళం లెక్క. తోటి డ్రైవరు గాదిలింగప్ప చక్రం పక్కన కూర్చుని చాలాసేపు చూశాడు.

"ఏమప్పా, బండికి అంగీ కుట్టిస్తావా?" అన్నాడు చివరికి.

ఇంటికొచ్చి, వసారాలో గోనెపట్టా పరుచుకుని పని మొదలుపెట్టాడు. కిరసనాయిలు డబ్బా కోసి ముందు మూతి, తలుపులు చేశాడు. టైరు చెప్పుల అట్టలోంచి ఆరు చక్రాలు తీశాడు. ముందు రెండు, వెనక జోడుజోడుగా నాలుగు. స్టీరింగుకు పసిబిడ్డ గాజు సరిగ్గా సరిపోయింది. రేడియేటరుకు భార్య భీమక్క దగ్గర జల్లెడ అడిగాడు. ఆమె ఇవ్వలేదు. రెండు రోజుల తర్వాత అంచు తెగిన పాత జల్లెడ ఒకటి యాడనుంచో తెచ్చి అతని పక్కన పెట్టి పోయింది.

సంతలో అమ్మే రేకుబండ్లు అతనికి నచ్చేవి కావు. వాటిని చేసినవాడు ఏనాడూ లారీ తోలి ఉండడు అనేవాడు. క్లచ్ తొక్కే ఎడమకాలి పెడలు ఎంత అరిగిందో, డ్రైవరు మోచెయ్యి ఆనే చోట తలుపు అంచు ఎంత నున్నబడిందో అంతే నున్నగా ఆకురాయితో అరగదీశాడు. అసలు లారీకి ఎడమపక్క ఫుట్‌బోర్డు కొంచెం కిందికి వంగింది. కూలీలందరూ ఆ పక్కనుంచే ఎక్కుతారు. బొమ్మలోనూ దాన్ని అట్లాగే వంచాడు. పాత గడియారంలోని స్ప్రింగు ముక్కలు ఒకదాని కింద ఒకటి పేర్చి, వెనక ఇరుసు మీద కమానుల్లాగా కట్లు కట్టాడు.

మట్టి మిద్దె మీద వాన పడుతూనే ఉండేది. దొడ్డమ్మ పక్కనే కూర్చుని రేకు కోసే చప్పుడు వినేది. అడిగేది కాదు. బండి తయారైన రోజు మధ్యాహ్నం రామాంజినేయులు దాన్ని ఆమె ఒడిలో పెట్టాడు.

ఆమె వేళ్లు మొదట ముందుకు పోయి ఎద్దుల్ని కట్టే నొగ కోసం వెతికాయి. ఏమీ దొరకలేదు. అక్కణ్నించి వెనక్కి వచ్చాయి. మూతి, అద్దం, తలుపు. తలుపు తెరుచుకుంటే ఆమె ఉలిక్కిపడి నవ్వింది. లోపలికి వేలు పోనిచ్చి గాజు చక్రాన్ని తిప్పింది, గేరుకడ్డీని తడిమింది, దూదికూరిన సీటును నొక్కింది. తర్వాత కిందికి చేయి పోనిచ్చి స్ప్రింగులు తడిమి, అక్కడే ఆపింది.

"బరువు మోసేదానికి నడుము ఇట్లుండదు నాయనా. ఇది ఉత్త బండి."

"ఔనుమా, ఉత్త బండే."

"నువ్వు సరుకెత్తుకోని కదా కొండ దిగేది. ఆ బండి చూపీ నాకు."

అతను స్ప్రింగులు ఊడదీశాడు. లోడు ఎక్కితే వంపు పోయి కట్లు దాదాపు తిన్నగా అవుతాయి, వెనక చక్రాల మీదికి తొట్టి దిగుతుంది, ముందు మూతి ఒక వేలెడు పైకి లేస్తుంది. అంతా మళ్లీ లెక్క చూసుకుని కట్టాడు. తొట్టిలో ఇంటి వెనక ఎర్రరాళ్లు చిన్నగా కొట్టి పోశాడు. భీమక్క చూసి, ఇంత పెద్ద తొట్టికి ఇంత కొంచెమేనా అంది. ఇనుపరాయి మోకాటిదాకా పోస్తేనే బండి మూలుగుతుందనీ, నిండా పోస్తే ఇరుసు విరుగుతుందనీ అతను చెప్పాడు. దొడ్డమ్మ మళ్లీ కింద తడిమింది. ఈసారి తలూపింది. తన నడుము మీద చేయి వేసుకుంది.

అప్పటినుంచి వానకాలమంతా మధ్యాహ్నాలు వాళ్లిద్దరూ ప్రయాణం చేశారు. బొంతలు మడిచి కొండలు చేసేవాడు. గని దగ్గర బయలుదేరి, మలుపు మలుపుకూ ఆగి చెప్పేవాడు. ఈడ ఎడమపక్క లోయ, అడవిమల్లె వాసన వస్తుంది. ఈడ రెండు కొండల నడుమ సందు, చల్లగాలి ఒక్కసారి మొహాన కొడుతుంది. ఈడ రేడియేటరు కాగుతుంది, ఆగి నీళ్లు పొయ్యాల. దొడ్డమ్మ తలుపు మీద ఒక వేలు ఆనించి బండితో పాటే పోయేది. దిగుడులో ఆమె భుజాలు వెనక్కి వాలేవి. కొన్నిసార్లు సగం దారిలో నిద్రపోయేది. అతను బండిని అక్కడే బొంత మడతలో ఆపి, ఆమె లేచేదాకా తానూ కొండ మీద ఆగినట్టే కూర్చునేవాడు. వాన చినుకులు ఇంజను చల్లారే చప్పుడులా ఉండేవి.

ఎండలు కాశాక కబురొచ్చింది, అతను వెళ్లిపోయాడు. కార్తీకంలో యజమాని కూలీలకు బియ్యం తెమ్మని అతని సొంతూరు తెక్కలకోట మిల్లుకే లారీని పంపాడు. రామాంజినేయులు ఊరి బయట రోడ్డు మీద బండి ఆపి, ఇంటికి పోయి తల్లి చేయి పట్టుకుని తీసుకొచ్చాడు.

అతను సాయం చేయబోతే ఆమె వద్దంది. చేయి చాపి తలుపు పిడిని తొలిసారికే పట్టుకుంది. వంగిన ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టింది. ఎక్కి, ముందు చెక్క మీద చేయి జరిపి గేరుకడ్డీ గుండును అందుకుంది. ప్రతిదీ ఉండాల్సిన చోటనే ఉంది, పన్నెండింతలు పెద్దదై. ఇంజను స్టార్టు చేసినప్పుడు మాత్రం ఆమె రెండు చేతులూ చెక్క మీద ఆనించి బిగుసుకుపోయింది.

"ఇది ఊపిరి తీస్తాండాది," అంది మెల్లగా.

కాలువ వంతెన దాకా తీసుకుపోయాడు. కొత్తగా నీళ్లు పారిన మళ్లలోంచి వరి వాసన కిటికీ నిండా వచ్చింది. ఆమె చేయి బయటపెట్టి, గాలిని పిండిలాగా వేళ్ల మధ్య జార్చుకుంటూ కూర్చుంది. వంతెన మీద అతను బండి ఆపాడు. కింద నీళ్ల చప్పుడు.

తిరిగి వచ్చి దిగాక ఆమె అతని భుజం పట్టుకుని నిలబడింది.

"అన్నీ నిజమే చేసినావప్పా. సీటు ఒకటే అబద్ధం చేసినావు. దూది పెట్టినావు దాంట్లో."

అసలు సీటుకు పైన చినిగిన గోనె, కింద పొడుచుకొచ్చిన కమ్మీలు. పన్నెండేళ్లుగా దాని మీదే కూర్చుంటున్నాడు. ఆ రోజు బియ్యం ఎక్కేలోపల ఇంటికి పోయి, బొమ్మబండి సీటులో దూది పీకేసి, రెండు తీగముక్కలు పెట్టి పైన గోనె కుట్టాడు. దొడ్డమ్మ వేలితో నొక్కి చూసింది. మర్నాడు భీమక్క చేత పాత చీరల బొంత ఒకటి కుట్టించి, మడిచి, సండూరుకు పోయే బస్సులో కొడుకుకు పంపించింది.

ఉగాదికి అతను ఇంటికొచ్చినప్పుడు ఆమె ఒక సంగతి చెప్పింది. చూపు పోయినప్పటినుంచీ ఆమె కలల్లో వెనకటి లోకమే కనబడేది. ఎద్దులు, పత్తి చేను, ఐదేళ్ల కొడుకు. దాని తర్వాతిది ఏదీ ఎన్నడూ కనబడలేదు. మొన్న కలలో మాత్రం పత్తిచేను నడుమ లారీ ఒకటి వచ్చి నిలబడిందట. అది పత్తిపువ్వు లాంటి పసుపు రంగులో ఉందట. తోలేవాడి మొహం ఐదేళ్ల పిల్లోడిది కాదు, పెద్దోడి మొహమే, మీసాలున్నాయట.

"రంగు సరేనా?" అని అడిగింది.

అతని లారీ ఒకప్పుడు నీలం. ఇప్పుడు దుమ్ముకు ఏ రంగో ఎవరికీ తెలియదు. సరేనన్నాడు.

ఆ ఏడు వానలకు రెండో బండి చేశాడు. తీగ దగ్గరినుంచి మేకు దాకా మొదటి దానికంటే నిక్కచ్చిగా చేశాడు. చేసి, బళ్లారి నుంచి తెచ్చిన పసుపు రంగు వేశాడు. అది ఎవరు చూస్తారని భీమక్క అడిగింది. అతను బ్రష్షు కడుక్కుంటూ, చూసినోళ్లు చూసినారులే అన్నాడు.

దొడ్డమ్మ ఇంకో ఆరేళ్లు బతికింది. వసారాలో తిరగలి పక్కన పసుపు లారీ ఉండేది. పిండికి వచ్చిన ఆడవాళ్లకు ఆమె హొస్పేట దారి చెప్పేది, ఏ మలుపులో ఏ వాసన వస్తుందో, ఎక్కడ బండికి నీళ్లు పొయ్యాలో. వాళ్లలో కొందరు ఆమె ఆ దారిన చాలాసార్లు పోయి వచ్చిందనుకున్నారు. రామాంజినేయులు ఎవరికీ కాదని చెప్పలేదు.