లోపలే ఉండిపోయిన మాత్ర

కొండల్లో, ముంచింగిపుట్టు దగ్గరి బడిలో పనిచేస్తున్నప్పుడు అమ్మని నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ వానల్లో ఆమెకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. గంజి కూడా సరిగా తాగలేదు గాని, సుగరు మాత్ర మాత్రం మానలేదు.

ఒక ఉదయం చూస్తే అమ్మ చీర చెమటతో తడిసిపోయి ఉంది. నన్ను చూసి, "ఎవలమ్మా నువ్వు?" అంది. గబగబా పంచదార నీళ్ళు తాగించాను. కాసేపటికి తేరుకుని, "ఏటే అలా సూత్తన్నావు?" అని నవ్వింది. గండం గడిచిందనుకున్నాను. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా మళ్ళీ మాట తడబడింది.

జీపు కోసం పరుగెత్తిన పక్కింటామె ఉత్త చేతులతో తిరిగొచ్చింది. "కొండ జారిపోనాది టీచరమ్మా. దారి మూసుకుపోనాది. ఏ బండీ రాదు."

వసారా చివర నిలబడితేనే ఫోను అందుతుంది. ఆస్పత్రి డాక్టరు అంతా విని చెప్పారు. "ఆ మాత్ర కిడ్నీల గుండా బయటికి పోవాలమ్మా. ఒంట్లో నీరు తగ్గిపోయి అవి సరిగా పనిచేయడం లేదు. మందు లోపలే ఉండిపోయి సుగరుని దించేస్తోంది. మీరు పంచదార పెడితే లేస్తారు, మళ్ళీ పడిపోతారు. మాత్ర ఆపేయండి. గుటక వేస్తున్నంతసేపు పెడుతూనే ఉండండి. దారి తెరవగానే తీసుకొచ్చేయండి."

"ఎంతసేపు సార్?"

"చెప్పలేను. ఒక రోజు పట్టొచ్చు, ఎక్కువా పట్టొచ్చు."

తలుపు బార్లా తీసే ఉంది. అయినా గుమ్మం దాటలేకపోయాను. అమ్మ పళ్ళు బిగించేది. "ఈ గుంటకి మతి పోనాదేటి? సుగరోళ్ళకి పంచదార ఎడతారా?" అని నా చెయ్యి తోసేసేది. ఏళ్ళ తరబడి ఆమె నోటి దగ్గర్నుంచి తీపి లాక్కున్నది నేనే మరి. పక్కింటామె అమ్మ తలని పట్టుకుంటే నేను తేనె నాకించేదాన్ని. లేచేది, కూలబడేది. ఒక్కసారి కునుకు తీస్తే చాలు, భుజాలు పట్టి కుదిపేదాన్ని. ఇంకా ఎంత మిగిలిందో లోపల, ఎలా తెలుస్తుంది?

మర్నాడు మధ్యాహ్నానికి మట్టి తీశారు. జీపులో ఆస్పత్రికి చేర్చాం. సెలైను ఎక్కించారు. రెండు రోజులకి మూత్రం ధారాళంగా రాసాగింది. మందు దిగిపోయిందన్నారు డాక్టరు. ఇంకెప్పుడూ ఆ మాత్ర వేయొద్దని, వేరేది రాశారు.

ఆ సాయంత్రం అమ్మ ఇడ్లీ తిని, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుంది. నేను భుజం పట్టి కుదిపాను.

"నన్ను తొంగోనియ్యవేటే!" అని కసిరింది.

చెయ్యి తీసేశాను. ఆమె ఊపిరినే చూస్తూ కూర్చున్నాను.